పదహారో పసుపు కూర

బున్‌మా సీసా వంచబోతుంటే పోశన్న అతని చెయ్యి పట్టుకున్నాడు.

సీసా మీద చేప బొమ్మ ఉంది. పోశన్నకు చదువు రాదు. అయినా చేపను గుర్తుపట్టడానికి చదువెందుకు? పొయ్యి మీద పసుపు కూర కుతకుతా ఉడుకుతోంది.

"గిండ్ల చేపల నీళ్ళు పోస్తవా?" అన్నాడు.

పోస్తానని తలూపాడు ఆ థాయ్‌లాండ్ వంటమనిషి. ఊపి ఊరుకోక, వాసన చూడమని మూత తీసి ముక్కు దగ్గర పెట్టాడు కూడా. పోశన్న పక్కనున్న బియ్యం బస్తా మీద కూలబడ్డాడు.

కూలబడడా మరి? ఊళ్ళో భార్య ముత్తవ్వకు నెలలు నిండాయి. తల్లీ బిడ్డా క్షేమంగా ఉంటే చాలని, పదహారు సోమవారాలు నీసు ముట్టనని వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాడు. ఇవాళ పదహారోది. ఈ సీసా ప్రతి సోమవారమూ తన కూరలో వంగి ఉంటే మొక్కంతా మట్టిగొట్టుకుపోయినట్టే.

గల్ఫ్‌లో అల్ రువైస్ దాటాక సముద్రం ఒడ్డున ఉంది ఆ క్యాంప్. చమురు పనులు జోరుమీదున్న రోజులు. శుక్రవారం సెలవును కూడా ఓవర్‌టైమ్ మింగేసింది. అక్కడ అందరూ థాయ్ వెల్డర్లే, తెలుగువాడు పోశన్న ఒక్కడే. క్యాలెండర్ లేదు, ఉన్నా చదవలేడు. అలాంటి చోట అతనికి దారి చూపినవి బున్‌మా కూరలే. తమ దేశంలో ఒక్కో వారానికి ఒక్కో రంగు ఉంటుందనీ, సోమవారానిది పసుపనీ కొత్తలో బున్‌మా వచ్చీరాని హిందీలో చెప్పాడు. ఇంకేం కావాలి? పసుపు కూర వండిన రోజు సోమవారం. పోశన్న మళ్ళీ ఎవర్నీ అడగలేదు.

అప్పుడే జహాంగీర్ కూరగాయల గంప మోసుకుంటూ లోపలికొచ్చాడు. మెట్‌పల్లి మనిషి. దోహా నుంచి వారానికోసారి బండిలో సామాన్లూ ఉత్తరాలూ తెస్తాడు. రేపు బండి రిపేరుకు పోతుందని ఈసారి ఒకరోజు ముందే వచ్చాడు. పోశన్న మొహం చూసి సంగతి అడిగి, గంప దించి, బున్‌మాను హిందీలో నిలదీశాడు.

బున్‌మా నవ్వుతూ మూలనున్న చిన్న గిన్నె మూత తీశాడు. సీసా పెద్ద గిన్నెకేనట. పసుపు కూర రోజున తనకు నీసు వద్దని పోశన్న మొదట్లోనే చెప్పాడు కదా, అప్పట్నించీ అతనికి ఒట్టి ఉప్పు వేసి వేరే వండుతున్నాడట. తమ ఊళ్ళోనూ గుడికి పోయే రోజుల్లో మాంసం మానేవాళ్ళున్నారట.

చెప్పి అంతటితో వదిలితే అతను బున్‌మా ఎందుకవుతాడు? చిన్న గిన్నెలో ఏమేం వేశాడో ఒక్కొక్కటే చూపిస్తూ పాఠం మొదలుపెట్టాడు. నిమ్మగడ్డి కడుపుబ్బరానికి మంచిదట, అల్లంలాంటి ఆ దుంప దగ్గుకట, కొబ్బరిపాలు తాగితే ఎండలో ఒళ్ళు వాడదట, పసుపు దెబ్బలు మాన్పుతుందట. పసుపు సంగతి తన తల్లి ఎప్పుడో చెప్పిందిలే అన్నాడు పోశన్న. అతనికి ప్రాణం లేచొచ్చింది. చిన్న గిన్నె ముందుకు లాక్కుని, అన్నంలో ఆలుగడ్డ ముక్కలు నలిపి కలుపుకుని, చివరి మెతుకు దాకా హాయిగా తిన్నాడు.

అతను చెయ్యి కడుక్కునే దాకా ఆగి జహాంగీర్ జేబులోంచి ఉత్తరం తీసి చదివాడు. మగపిల్లాడు. తల్లి, పిల్లాడు ఇద్దరూ బాగున్నారు. పేరేం పెట్టాలో వెంటనే రాయమన్నారు.

పోశన్న ఏడ్చాడు. సంతోషం పట్టలేక ఏడుస్తున్నానని తనే చెప్పాడు. పదహారూ నిండకముందే రాజన్న కరుణించాడని గోడకే దండం పెట్టాడు. బున్‌మా కూడా ఎందుకైనా మంచిదని పక్కనే చేతులు జోడించాడు.

"ఇప్పుడే జవాబు రాయి భాయ్," అన్నాడు పోశన్న. "పదారు సోమారాల మొక్కు ఇయ్యాల్టితోని తీరింది, పోరనికి రాజేశం అని పేరు పెట్టుండ్రి అని రాయి."

జహాంగీర్ కాగితం మీద తేదీ వేసి, పేరు దాకా రాసి ఆగాడు. "ఇయ్యాల్టితోనా? ఇయ్యాల శనారం గద పోశన్నా."

పోశన్న నవ్వాడు. పసుపు కూర తిని ఇంకా చెయ్యి ఆరలేదు, శనివారమేమిటి? నువ్వే చెప్పమన్నట్టు బున్‌మా వైపు చూశాడు.

బున్‌మా తాపీగా విడమర్చాడు. సోమవారం రంగు పసుపన్నది నిజమేనట, కానీ అది ఒంటి మీద బట్టల సంగతట. వంటకు వారంతో పనేముంది? ఆదివారం బండిలో పచ్చి ఆకులొస్తాయి. అవి వాడిపోకముందే మర్నాడు పచ్చ కూర. శనివారానికి ఆకులన్నీ అయిపోయి డబ్బాలో పసుపు ఒక్కటే మిగులుతుంది, అందుకని ఆ రోజు పసుపు కూర.

పోశన్న తను ఖాళీ చేసిన చిన్న గిన్నె వైపు చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"అయితే సోమారం నాడు నేను తిన్నదేంది?"

కోడి వేసిన పచ్చ కూర అన్నాడు బున్‌మా. వారం వారం రెండోసారి అడిగి మరీ వేయించుకుంటావు కదా అని రెండు వేళ్ళు చూపించాడు.

జహాంగీర్ కలం పట్టుకుని కాగితం వంకే చూస్తున్నాడు. పోశన్న ఊరి ఉత్తరాన్ని అందుకుని, తల్లీ పిల్లాడూ బాగున్నారన్న వరుస ఎక్కడుందో చూపించమని, దాని మీద వేలు పెట్టి చాలాసేపు ఆలోచించాడు.

"రాజేశం కొట్టెయ్యి భాయ్," అన్నాడు చివరికి. "శనారాలు కొండగట్టు అంజన్నయి. అంజయ్య అని రాయి."