చివరి బల్లకు వినబడాలి

ఎంత మీటినా స్పీకరు పెట్టె పలకలేదు. గిటారు మోతను స్పీకరుకు అందిస్తుందని విదేశీ ఓడ కళాసి దగ్గర కొన్న పికప్‌ను తీగల కిందికి ఇంకాస్త జరిపి, కృపాకర్ మళ్ళీ మీటాడు. స్పీకరులోంచి సన్నని రొద తప్ప స్వరం రాలేదు. గంటలో రత్నమణి పెళ్ళి.

రేడియోలు బాగుచేసే జాన్‌బాబు చర్చి వరండాలో ఆంప్లిఫయరు ముందు గొంతుక్కూర్చున్నాడు. గిటారు తీగను గోటితో తాకి నవ్వాడు.

“ఇదేటి బావ, గాలాలకి కట్టే నైలానా?”

“తీగ తెగితే కలకత్తా నుంచి రావాల. ఇదైతే మా వీధిలోనే దొరుకుద్ది.”

“పికప్‌లో ఉన్నది అయస్కాంతం. ఇనుము కదిల్తేనే దానికి ఇనబడతాది. నైలానంటే సెవుడు.”

ఎందుకైనా మంచిదని జాన్‌బాబు రైల్వే వాద్యబృందం వాళ్ళ ఇనుపతీగల గిటారును ముందే అడిగి తెచ్చి ఉంచాడు. పికప్ దానికి బిగించగానే ఆవరణంతా మోగింది. మోగింది గాని, ఆ మోత కృపాకర్‌ది కాదు. నాలుగేళ్ళుగా మెత్తని తీగలకు మరిగిన వేళ్ళు ఇనుము మీద తడబడ్డాయి. కొత్త కోటు చేతులు జారి మణికట్టుకు అడ్డం పడ్డాయి.

కిందటి క్రిస్మస్‌నాడు అతడు ప్రాణం పెట్టి వాయించాడు. ఆరాధన ముగిశాక, ఎప్పుడూ చివరి బల్ల మీద కూర్చునే రత్నమణి, వేళ్ళు కదలడం చూశాను గాని ఒక్క స్వరమూ వినలేదని నవ్వింది. కిటికీల అవతల సముద్రపు హోరు అలాంటిది. ఆ నవ్వు ఏడాదిగా అతని వెంటే తిరుగుతోంది.

“ఆ పిల్లకి ఇనబడకపోతే పెళ్ళాగిపోద్దేటి?” అన్నాడు జాన్‌బాబు.

“ఆగదు. రేపట్నుంచి ఆ సివరి బల్ల మీద ఆ మనిషుండదు. అందుకే ఈ పూటే ఇనాల.”

జాన్‌బాబు సంచీలోంచి పాత గ్రామఫోను ముల్లుండే తల ఒకటి తీసి, దాని స్ఫటికపు బిళ్ళను ఊడదీశాడు. ఇది ఇనుమును అడగదనీ, చెక్క అదిరితే చాలుననీ చెప్పాడు. అయితే స్పీకరు గిటారు వైపు తిరిగిందా, కీచుమని కూత పెట్టి పెళ్ళిని నవ్వులపాలు చేస్తుంది. ఇనుపతీగలకు ఆ భయం అంత లేదు.

“ఏది కావాలో నువ్వే తేల్చుకో బావ.”

కృపాకర్ తన గిటారునే ఒడిలోకి తీసుకున్నాడు. బిళ్ళను మైనంతో చెక్కకు అంటించారు. స్పీకరును ముందుకు జరిపి బల్లల వైపు తిప్పారు.

గంట మోగింది. తెల్లచీరలో రత్నమణి తండ్రి చేయి పట్టుకొని గుమ్మంలో నిలిచింది. కృపాకర్ కళ్ళు మూసుకొని మీటాడు.

కూత రాలేదు. పాట వచ్చింది. తేనెలో ముంచి తీసినంత మెత్తగా, హోరును తోసుకుంటూ చివరి బల్ల దాకా సాగింది. అక్కడి ముసలమ్మలు మాటలు మానేశారు. సగం దారిలో రత్నమణి ఆగి, స్పీకరును చూసి, అతణ్ణి చూసి, చెవి మీద వేలుంచి వినబడిందన్నట్టు తలూపింది. ఆమె కళ్ళు తడిగా నవ్వాయి.

పాట ముగిసింది. పాస్టరుగారు పుస్తకం తెరిచి పెళ్ళికొడుకు కోసం చూశారు.

కృపాకర్ గిటారు దించి లేచి, కోటు సర్దుకొని రత్నమణి పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.