పియానో సార్ ఆర్గాన్ పాఠాలు

"ఆర్గాన్‌లో నేను కొత్తగా నేర్చుకునేదేముంది? నాలుగు వారాలు చేతికి అలవాటైతే చాలు" అన్నాడు భానుప్రకాశ్.

వంశీ తల వంచుకుని "సరే సార్" అన్నాడు. అంతకన్నా ఏమనగలడు? చిన్నప్పుడు అతని వేళ్లను మొదటిసారి పియానో మీద పెట్టించింది ఆయనే. వనపర్తిలో పియానో నేర్పే మనిషంటే ఇరవై రెండేళ్లుగా భానుప్రకాశ్ ఒక్కడే. లండన్ వాళ్ల పరీక్షలు ఎనిమిది గ్రేడులూ దాటి, సర్టిఫికెట్లన్నీ పటాలు కట్టించి హాల్లో వరసగా వేలాడదీసుకున్నవాడు.

వంశీ, అతని స్నేహితులు కలిసి రాక్, బ్లూస్ పాటల బ్యాండ్ పెట్టారు. వచ్చే నెల వనపర్తి ఫంక్షన్ హాల్లో కచేరీ. నచ్చితే పెద్ద ప్రోగ్రాములకు పిలుస్తామని హైదరాబాద్ నుంచి ఇద్దరు వినడానికి వస్తున్నారు. ఆ సంగతి చెవిన పడగానే, ఆర్గాన్ తనే వాయిస్తానని భానుప్రకాశ్ ప్రకటించేశాడు. ఎవరూ అడగలేదు. కాదనే ధైర్యమూ ఎవరికీ లేదు.

"పెబ్బేరుల యోహానన్న ఉన్నడు సార్. ఒక్కసారి ఆయనతాన చూసుకోండ్రి. సికింద్రాబాద్ హోటళ్లల్ల చాన ఏండ్లు వాయించిండు" అన్నాడు వంశీ, భయంభయంగా.

యోహాను కొట్టు చూడగానే భానుప్రకాశ్‌కు ఒళ్లు మండింది. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు అది. విప్పిపారేసిన మోటార్ల మధ్య ఓ పాత ఆర్గాన్. ఆ రోజు పెబ్బేరు పశువుల సంత. పేడ వాసన లోపలిదాకా కొడుతోంది. యోహాను నూనె చేతులు లుంగీకి తుడుచుకుని నమస్తే పెట్టాడు.

"నోట్స్ చదవడం వచ్చా?"

"రాదు సార్. ఇని వాయిస్త."

మొహం చూస్తేనే తెలుస్తోంది, అనుకున్నాడు భానుప్రకాశ్. కుర్చీ మీద కర్చీఫ్ పరిచి కూర్చుని, తనకు కంఠతా వచ్చిన కష్టమైన ముక్క ఒకటి దడదడా వాయించేశాడు.

యోహాను చివరిదాకా విన్నాడు. "చేతులు మస్తు సాఫున్నయి సార్. కాని గట్ల గుద్దకుండ్రి. పియానోను గట్టిగ కొడితే గట్టిగ మోగుతది. దీనికి దెబ్బ తెల్వదు. సప్పుడు పెంచుడు, దించుడు అంత కుడికాలి కింది పెడల్‌తోనే."

"తెలుసు."

"ఇంకోటి సార్. పియానోల సప్పుడు దానంతట అదే సచ్చిపోతది. దీంట్ల మీరు ఏలు ఎత్తెదాంక పోదు. ఎప్పుడు ఎత్తాల్నో, గదే అసలు సదువు."

ఫ్యాన్లు చుట్టేవాడు సదువు గురించి చెబుతున్నాడు! భానుప్రకాశ్ పెదవి వంకర పోయింది.

యోహాను పైనున్న కడ్డీలు లాగుతూ, తోస్తూ ఆర్గాన్ గొంతు మార్చి చూపించాడు. పక్కపక్క మెట్ల మీద వేలు జార్చి, ఎవరో వెక్కినట్టు ఒక స్వరం తీశాడు.

"తప్పు మెట్టు తగిలింది" అన్నాడు భానుప్రకాశ్.

"బ్లూస్ అంటే గదే సార్" అని నవ్వాడు యోహాను.

వారానికి మూడు రోజులు వెళ్లాడు. యోహాను తెప్పించిన చాయ్ ఒక్కనాడూ ముట్టలేదు. సీసాలో నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకున్నాడు.

రిహార్సల్ రోజున యోహాను కూడా వచ్చాడు. గిటారు వాయించే శివ పాట మధ్యలో ఒంటరిగా అందుకున్నాడు. భానుప్రకాశ్ పది వేళ్లతో దాని మీద పడ్డాడు. గిటారు ఎక్కడుందో వినిపించలేదు.

"సార్, గిటార్ మాట్లాడేటప్పుడు మనం జర ఊకుండాలె. అది ఊపిరి తీసుకునేటప్పుడు ఒక్క మాట అనాలె, గంతే" అన్నాడు యోహాను.

"ఊరికే కూర్చోవడానికి నేనెందుకు? నువ్వు చాలవూ?"

బ్యాండ్ వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వంశీ నేల చూపులు చూశాడు.

కచేరీ నాడు యోహాను తన పాత ఆర్గాన్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని దిగాడు. చేతిలో స్క్రూడ్రైవర్ల సంచి.

"ఆ పాత ఇనుము ఎందుకు?" అన్నాడు భానుప్రకాశ్.

"ఒకటి మొరాయిస్తే ఇంకోటి ఉంటదని సార్" అన్నాడు వంశీ.

భానుప్రకాశ్ యోహాను చొక్కా మీది మరకలు చూశాడు. "స్టేజీ మీద మాత్రం కనిపించకు."

"లేదు సార్. తెర ఎనక కూసుంట."

హాల్లో మోత ఎక్కువని, సార్ వాయించేది సార్‌కు శుభ్రంగా వినపడాలని, వంశీ తనే ఆయన చెవులకు హెడ్‌ఫోన్ తగిలించాడు. ఈ మర్యాద బాగుంది, అనుకున్నాడు భానుప్రకాశ్.

వాయించాడు. ఇరవై రెండేళ్ల విద్యనంతా కుమ్మరించాడు. శివకు ఊపిరాడే సందు ఇవ్వలేదు. అయినా శివ వెనక్కి తిరిగి ఆనందంగా తలాడించాడు. మూడో పాటకు హాలంతా లేచి నిలబడింది. చివర హైదరాబాద్ వాళ్లిద్దరూ స్టేజీ ఎక్కి బ్యాండ్‌ను అక్కడికక్కడే డిసెంబర్ ప్రోగ్రాముకు ఖాయం చేశారు. వాళ్లలో ఒకాయన భానుప్రకాశ్ చేతులు పట్టుకుని "ఆర్గాన్ అద్భుతం సార్! ఎంత తక్కువ వాయించి ఎంత చెప్పారు!" అన్నాడు.

తక్కువా? జన్మలో అంత ఎక్కువ వాయించలేదు. ఈ గాడిదలకు చెవులున్నాయా అసలు, అనుకుంటూనే భానుప్రకాశ్ చిరునవ్వు నవ్వాడు.

తెర పక్కన వైర్లు చుడుతున్న యోహాను కనిపించాడు. "చూశావా యోహానూ? చదువంటే ఇది."

"అవు సార్" అన్నాడు యోహాను.

భానుప్రకాశ్ ఠీవిగా కిందికి దిగి, నాగర్‌కర్నూల్ నుంచి సౌండ్ సిస్టం తెచ్చిన లక్ష్మణ్ దగ్గరికి వెళ్లాడు. తన పెన్‌డ్రైవ్ అతని ముందు పెట్టాడు. "ఆర్గాన్ రికార్డింగ్ ఒక్కటీ విడిగా దీంట్లో వెయ్యి. పదిమందికి వినిపించాలి."

లక్ష్మణ్ పెన్‌డ్రైవ్ అందుకుంటూ అమాయకంగా అడిగాడు:

"ఏది ఎయ్యమంటరు సార్, స్పీకర్లల్ల జనం ఇన్న యోహానన్నదా, హెడ్‌ఫోన్‌ల మీరొక్కరే ఇన్న మీదా?"