తాగి పడ్డాడట!

"లేచి చెప్పరా, పిరికిపందా!" అన్నాడు హెక్టర్.

"నువ్వే చెప్పొచ్చుగా? నీకు నోరు లేదూ?" అన్నాడు లాకీ.

ఇద్దరూ గోవన్ ఓడల యార్డులో రివెట్లు కొట్టేవాళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఒకే రివెట్టు మీద ఒకడిది కుడి దెబ్బ, ఒకడిది ఎడమ దెబ్బ. ఆ రోజు మాత్రం విచారణ హాల్లో ఒకడు ఈ గోడ పక్కన, ఒకడు ఆ గోడ పక్కన కూర్చున్నారు.

వాళ్ళ జట్టులోని నీల్, ఓడ పక్కన కట్టిన సారువ మీంచి పడి చచ్చిపోయాడు. తాగి పడ్డాడట! యార్డు మేనేజరు సిగ్గూ ఎగ్గూ లేకుండా చదివేస్తున్నాడు. ఆ పెద్దమనిషి ఏనాడైనా సారువ ఎక్కిన మొహమా? అధికారి తలెత్తకుండా రాసుకుంటున్నాడు. బల్ల పక్కన, అందరికీ ఎదురుగా, నీల్ భార్య మోరాగ్ కూర్చుని ఉంది. తాగి పడ్డాడని తేలితే ఆమెకీ ముగ్గురు పిల్లలకీ దమ్మిడీ రాదు.

"తన పెళ్ళిలో కూడా టీయే తాగాడు కదరా వాడు!" హెక్టర్ మొహం కందగడ్డలా అయింది.

"నాకు తెలీదా?"

"సారువ పలక పుచ్చిపోయిందని సోమవారమే మేస్త్రీకి చెప్పాం. 'నోరు మూసుకుని ఎక్కండి' అన్నాడా లేదా, ఆ గుండు టోపీ వెధవ?"

"అన్నాడు. ఇప్పుడా మాట బయటపెడితే క్లైడ్ నది పొడుగునా ఏ యార్డన్నా మనల్ని గేటు దాటనిస్తుందా? నాకు నలుగురు పిల్లలు. నీకేం, ఒంటికాయ సొంఠికొమ్మువి!"

"మంచంలో ఉన్న మా అమ్మకి గంజి నువ్వు పోస్తావా? ఛీ! ఆ మోరాగ్ మొహం ఒక్కసారి చూడరా."

"చూడలేకే కదా నీ మొహం చూస్తున్నా!"

అధికారి లేచి నిలబడ్డాడు. "ఇంకెవరైనా చెప్పేది ఉందా?"

"లే!" అన్నాడు హెక్టర్.

"నువ్వు లే!"

"పుచ్చిన పలక ఎక్కించి చంపారని చెప్పు!"

"నువ్వు చెప్పరా బాబూ, నీ కాళ్ళు పట్టుకుంటా!"

పిడికిళ్ళు బిగిశాయి. కళ్ళు నిప్పులు కక్కాయి. ఇద్దరిలో ఒక్కడూ లేవలేదు.

అధికారి కలానికి మూత పెట్టాడు. "సరే. ఎవరూ ఒక్క మాటా మాట్లాడలేదు కాబట్టి..."

సుత్తుల మోతకి చెవులు పోయిన యార్డు జనం గొంతు పెగల్చకుండా ఉత్త పెదాలతోనే మాట్లాడుకుంటారని ఆయనకి తెలీదు గానీ, యుద్ధం రోజుల్లో నాలుగేళ్ళు అదే యార్డులో పనిచేసిన మోరాగ్, ఆ ఇద్దరి మూతుల మీంచి చూపు తిప్పకుండానే లేచి, "నాకు ఇద్దరు సాక్షులున్నారండీ" అంది.