పదిలక్షల ఒకటి

ఆరో దెబ్బకి బెత్తం చీలింది. కూతురి అరచేతిలోంచి రక్తం కారి నోటుపుస్తకం మీద పడింది.

"నాకే లెక్కలు నేర్పుతావా? పదిలక్షల ఒకటి ప్రధాన సంఖ్యే! తొంభై ఏడు దాకా భాగించి చూశాను, దేనికీ లొంగలేదు!" లెక్కల మాస్టారు రంకె వేశాడు.

"నూట ఒకటితో చూడండి నాన్నా."

ఎత్తిన చెయ్యి ఆగింది. సుద్దముక్క అందుకుని గోడబోర్డు మీద భాగించాడు. శేషం సున్నా.

ఆ ఇంట్లో తప్పు చెప్పినవాళ్ళకి పది దెబ్బలు. ఆ నియమం ఆయన పెట్టిందే. బెత్తం కూతురికిచ్చి అరచెయ్యి చాచాడు.

"తప్పు నాది. పదీ కొట్టు."

ఆమె బెత్తాన్ని బల్లమీద పెట్టేసింది.

"మీరు నన్ను కొట్టింది తప్పు చెప్పినందుకు కాదు నాన్నా, ఎదురు చెప్పినందుకు."

చాచిన అరచేతిని ఎక్కడ దాచుకోవాలో ఆయనకి తెలియలేదు.