కొవ్వొత్తి మసి

తూటాను లోపలికి తోసే తుపాకీ బోల్టు సగం దాకా వెళ్ళి ఆగిపోయింది.

గన్ క్లబ్బు బల్ల దగ్గర నిలబడి జోలీన్ ఇంకో తూటా పెట్టి చూసింది. అదీ అంతే. ఇరవై తూటాల్లో ఒక్కటి కూడా తుపాకీలో పూర్తిగా దిగలేదు.

తెల్లారితే దుప్పుల వేట మొదలు. మోంటానాలోని ఆ ఊళ్ళో చలికాలం గడవాలంటే ప్రతి ఇంటి ఫ్రీజర్లోనూ ఒక దుప్పి మాంసమైనా ఉండాలి. నిరుటి దాకా ఆ పని జోలీన్ భర్త కర్ట్ చూసుకునేవాడు. మొన్న వేసవిలో కర్ట్ పోయాడు. ఇద్దరు పిల్లలూ, స్కూలు బస్సు నడిపే ఉద్యోగమూ, ఖాళీ ఫ్రీజరూ ఆమెకు మిగిలాయి. ఈసారి కర్ట్ తుపాకీ తీసుకుని తనే కొండెక్కుదామనుకుంది.

ఆ తుపాకీ పాతరకం. దానికి సరిపోయే తూటాలు అంగళ్ళలో దొరకడం మానేసి చాలా కాలమైంది. అందుకని గన్ క్లబ్బులో లేలండ్ ఊరికే చేసిపెట్టాడు. పేల్చేసిన తూటాల ఇత్తడి తొడుగుల్ని అచ్చులో నొక్కి సైజుకు తెచ్చి, మళ్ళీ మందూ గుండూ పెట్టడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడని పేరు. ఆ పేరు ఊరు పెట్టిందో, ఆయనే పెట్టుకున్నాడో ఇప్పుడెవరికీ గుర్తులేదు. తనకూ అదే రకం తుపాకీ ఉంది కనక, తన పాత తొడుగులే వాడాడు.

“తుపాకీ ఇక్కడ పెట్టి వెళ్ళమ్మా, సాయంత్రానికి సంగతి చూస్తాను” అన్నాడు లేలండ్.

జోలీన్ తూటాల పెట్టె కూడా అక్కడే పెట్టి, బస్సు తియ్యడానికి బడికి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే ఒక ముసలాయన వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. దూరాలు వెళ్ళే బస్సు ఆ పక్కనే ఆగుతుంది. ప్రయాణికులు చలి కాచుకోవడానికి లోపలికి రావడం మామూలే. ఎవరూ పట్టించుకోరు.

లేలండ్ తన తూటాల వంక చూడనే లేదు. తప్పు తుపాకీదేనని తేల్చేశాడు.

“తూటాలు దిగట్లేదంటే లోపలంతా తుప్పు పట్టి ఉంటుంది. ఇదే రకం నా తుపాకీకి ఎప్పుడూ ఇలా కాలేదు” అన్నాడు పక్కనున్న క్లబ్బు మిత్రుడు బక్‌తో. “కర్ట్ సంగతి తెలీదూ? పెళ్ళాం పిల్లల్నే సరిగ్గా చూసుకోలేదు, తుపాకీనేం చూస్తాడు.”

ముసలాయన లేచి వచ్చాడు. బల్ల మీదున్న తుపాకీ మీద మెల్లగా చెయ్యి వేశాడు.

“ముట్టుకోకు తాతా. ఈ బల్ల క్లబ్బువాళ్ళకే” అన్నాడు లేలండ్.

ముసలాయన చెయ్యి తీసేశాడు.

“తుపాకీలో దోషమేం లేదు బాబూ” అన్నాడు. “మందు పెట్టని తొడుగు ఒకటి తీసుకో. కొవ్వొత్తి మసి పట్టించి, తుపాకీలో పెట్టి చూడు. ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ మసి పోతుంది. అచ్చు నీ తుపాకీకి తగ్గట్టు బిగించుకున్నావేమో. ఇది దానికంటే బిగువు.”

ఇరవై ఏళ్ళుగా ఆ అచ్చును బిగించే రింగు వెంట్రుకవాసి కదపలేదని లేలండ్ గొప్ప చెప్పుకునేవాడు. అలాంటిదానికి దారినపోయే బస్సు ప్రయాణికుడు వంక పెట్టడమా.

“కొవ్వొత్తులు వెలిగించాలంటే చర్చి అవతలి వీధిలో ఉంది తాతా.”

బక్ పడీపడీ నవ్వాడు. ముసలాయన మొహం ఎర్రబడింది. టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

కాసేపటికి బక్ కూడా ఇంటికి వెళ్ళాడు. లేలండ్ తలుపు వైపు ఒకసారి చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, కొవ్వొత్తి వెలిగించాడు.

మసి పట్టించిన తొడుగు బయటికి తీస్తే, దాని మెడ కిందున్న భుజం చుట్టూ ఇత్తడి మెరుస్తోంది. అక్కడే ఒరుసుకుంటోంది. అలాంటి తొడుగే ఇంకొకటి తన తుపాకీలో పెడితే ఇట్టే దిగింది.

దీపం వేసి కర్ట్ తుపాకీ లోపల చూశాడు. తుప్పు మరకైనా లేదు. కర్ట్ దాన్ని అద్దంలా ఉంచుకున్నాడు.

లేలండ్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. రింగు వదులు చేసి, అచ్చుని ఇంకాస్త కిందికి దించి, ఒక తొడుగు నొక్కి చూశాడు. బోల్టు మూసుకుంది. ఇరవై తూటాల గుండ్లూ పీకి, మందు పారబోసి, మళ్ళీ మొదటినుంచి చేశాడు. చేతులు నిజాయితీగానే పనిచేశాయి. నోరు మాత్రం అబద్ధం సిద్ధం చేసుకుంటోంది.

ఐదింటికి జోలీన్ వచ్చింది. తూటా దిగింది, బోల్టు మూసుకుంది. ఆమె కళ్ళు తుడుచుకుంది.

“లోపల తుప్పు ఉందమ్మా, గీకి శుభ్రం చేశాను” అని లేలండ్ మసిపూసి మారేడుకాయ చేశాడు.

జోలీన్ తూటాల పెట్టె మూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఇందాక పొయ్యి దగ్గర కూర్చున్న పెద్దాయన మంచులో బడి దాకా నడిచి వచ్చాడట. తుపాకీలో ఏ దోషమూ లేదనీ, అచ్చు కాస్త తిప్పితే సరిపోతుందనీ చెప్పాడట.

“మీరు పనిమంతులనీ, సాయంత్రానికల్లా మీరే కనిపెడతారనీ అన్నారు. ఊరికే చేసిపెడుతున్న మనిషిని నలుగురిలో చిన్నబుచ్చకమ్మా అని కూడా అన్నారు.”

లేలండ్ తలెత్తలేకపోయాడు.

“అబద్ధం చెప్పాను జోలీన్. తప్పు నాదే. కర్ట్‌ని కూడా నోటికొచ్చినట్టు అన్నాను. పెళ్ళాం పిల్లల్ని చూసుకోలేదన్నాను. అదీ ఆయన ఎదుటే.”

జోలీన్ మొహం పాలిపోయింది. “ఆ మాట మాత్రం నాకు చెప్పలేదు.”

“ఆయన కాళ్ళు పట్టుకుంటాను. ఎక్కడున్నాడు?”

“మూడింటి బస్సుకి వెళ్ళిపోయారు.”

“ఎవరాయన?”

జోలీన్ తుపాకీ తీసి గుండెలకు ఆనించుకుంది.

“కొడుకు సమాధికి రాయి పెట్టించడానికి వచ్చిన మా మామగారు.”