తోకకు నిప్పు, నోటికి మర్యాద

ఎండుగడ్డి మంటలో నక్క తోక అంటుకుంది. నక్క చెరువుకేసి పరుగెత్తింది. ముళ్ళపొదల మధ్య సన్నటి బాటలో ఒక ముసలి తాబేలు ముందు నడుస్తోంది. పెద్దల్ని దాటకూడదని నక్కకు వాళ్ళమ్మ నేర్పింది. అందుకని వెనకే ఆగింది.

"ఆలస్యమవుతోందా నాయనా?" అంది తాబేలు.

"అబ్బే, తొందరేం లేదు తాతగారూ. నిదానంగా నడవండి."

తాబేలు మురిసిపోయి, అక్కడే ఆగి, నక్క బంధువులందరి క్షేమం అడిగింది. నక్క ఒక్కొక్కరి గురించీ చెప్పింది.

"ఏదో కాలుతున్న వాసన వస్తోంది," అంది తాబేలు.

"మాదే లెండి."

నీళ్ళు చేరేసరికి మంట నక్క వీపెక్కింది. తాబేలు పక్కకు తప్పుకుంది.

"ఇంత మర్యాద తెలిసినవాడివి. ముందు నువ్వు దిగు నాయనా."

నక్క చేతులు కట్టుకుని, "ఎంత మాట. పెద్దవారు, ముందు మీరు," అంది.