వాయిదా నాటి సద్ది

నల్లగొండ కోర్టు వరండాలో బల్లలన్నీ నిండిపోయాయి. అండాలు గోడకానుకుని నిలబడింది.

ఒక ముసలాయన జరిగి జాగా ఇచ్చాడు.

"కూసో బిడ్డా. వాయిదా గదా, గింత జల్ది తెమలదు."

ఆమెను ఎవరైనా బిడ్డా అని పిలిచి ఏళ్లయింది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మొన్న మామ కూడా పోయాడు. నార్కట్‌పల్లిలోని రెండు గదుల ఇంట్లో టీవీ పెట్టుకుని, దానికే జవాబులు చెప్పుకుంటూ పొద్దు పుచ్చుతోంది.

"నీ పంచాదేంది బిడ్డా?"

"నేనుంటున్న ఇల్లు మా మామ ఎవనికో వీలునామా రాసి పోయిండు బాపూ. మొదటి భార్య కొడుకట, బాలస్వామట. వాని మొఖం గూడ నేను సూడలే. మామ మంచంల పడితే ఎత్తిపోసింది నేను, ఇల్లేమో వానికి. గందుకే కేసేసిన."

"ఆ కొడుకును మీ మామ ఎన్నడన్న దగ్గరికి తీసిండా?"

"నాకేం ఎరుక? వాడు మట్టిల గలవ."



అప్పట్నుంచి ప్రతి వాయిదాకూ అండాలు ఇద్దరికి సరిపడా సద్ది కట్టుకుని వచ్చేది. జొన్నరొట్టె, పుంటికూర. తిన్నంతసేపూ బాలస్వామిని కడుపారా తిట్టేది. ఆయన తలొంచుకుని వినేవాడు. కేసు పిలిస్తే వకీళ్లే లోపలికి పోయేవారు. వాయిదా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే మనిషి ఆ జిల్లా మొత్తంలో ఆమె ఒక్కతే అయివుంటుంది.

ఒకసారి అడిగాడు.

"ఇల్లు పోతే ఏడికి పోతవ్ బిడ్డా?"

"ఏడికి పోవాలె? నాకెవరున్నరు బాపూ?"

ఆయన ఆ పూట సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

తీర్పు రోజు ఆయన రాలేదు.

లోపల్నుంచి వకీలు శ్రీవాణి నవ్వుతూ వచ్చింది.

"గెలిచినవ్ అక్కా. ఇల్లు నీదే. అవతలాయన పోయిన వాయిదాకే నాకొద్దని రాసిచ్చిండు."

"వానికి గంత మంచి బుద్ధెట్ల పుట్టింది?"

"ఏమో అక్కా. పాపం, తీర్పు ఇనకుండనే పోయిండు. గుండె ఆగిందట."

అండాలుకు అయ్యో అనాలని కూడా తోచలేదు. ఆమె చూపంతా బల్ల మీదే ఉంది. ఇల్లు దక్కిందన్న మాట అందరికన్నా ముందు ఆయనకే చెప్పాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

"మేడమ్, నా పక్కన కూసునే బాపు ఇంక రాలేదేంది? నువ్వేమన్న సూసినవా?"

శ్రీవాణి ఆమె ముఖంలోకి వింతగా చూసింది.

"గదేందక్కా, ఇద్దరు కలిసి తింటాంటే రాజీకొచ్చిండ్రనుకున్న. బాలస్వామి ఆయనే గదా."